ఖాళీగా వదిలిన పది నిమిషాలు

జమ్మలమడుగులో ఆరో తరగతికి సైన్సు చెప్పే రోజుల్లో, లెసన్ ప్లాన్ చేతిలో లేకుండా క్లాసులోకి అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. మాది ప్రైవేటు బడి. ప్రొద్దుటూరులో పెద్దది, జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ ఒక్కో బ్రాంచి. ఏ నిమిషంలో ఏం చెప్పాలో పాఠం పాఠానికీ రాసి సంతకం పెట్టించుకోవాలి. ప్రొద్దుటూరు నుంచి బస్సులో వస్తూ పోతూ, ఇంట్లో వంటావార్పూ చూసుకుంటూ, అవన్నీ కూర్చుని రాసేదెప్పుడు? అందరిలాగే నేనూ ఫోన్లో వెతికేదాన్ని.

వెతకడం కూడా ఒక ఉద్యోగమే. ఉచితంగా దొరికేవి పాత పుస్తకానివి, సగం పేజీల్లో అక్షరాలు కనబడవు. బాగున్నవి కొనాలంటే మా జీతాలకు అందవు. చివరికి ఒక వాట్సాప్ గ్రూపులో కోస్తా టీచరొకామె తయారు చేసినవి దొరికాయి. టీ ఖర్చుకు పాఠం వచ్చేది. బొమ్మలు, ప్రశ్నలు, పిల్లల చేత చేయించే పనులు, అన్నీ ఎంత శ్రద్ధగా రాసిందో మహాతల్లి. ఆమెకు ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఒకరోజు భూగర్భజలాల పాఠం. ప్లాన్‌లో ఉన్నదున్నట్టు చదివాను: 'మీ పెరట్లో మోకాలి లోతు తవ్వి, నీరు ఊరడం గమనించండి.' క్లాసంతా గొల్లుమంది. ముందు బెంచీలో గొర్రెలు మేపే ఇంటి పిల్ల ఒకతి లేచింది.

"మేడం, మా నాయన బోరేపిస్తే దుమ్ము లేసింది. మోకాలి లోతులో నీళ్ళు యాడొస్తాయి?"

నాకూ నవ్వాగలేదు. ఆ వాక్యం కొట్టేసి, పెన్నలో చెలమ తీయడం గురించి చెప్పాను. ఇసుకలో గుంట తవ్వితే నీరు ఊరడం వాళ్ళలో చాలామంది చూసిందే. ఆ రోజు గంట కొట్టినా ఎవ్వరూ లేవలేదు. అప్పట్నుంచి ఆ కోస్తా ప్లాన్లు కొనుక్కుని మన నేలకు తగ్గట్టు మార్చుకోవడం అలవాటైంది. పడవల రేవు పోయి మైలవరం డ్యాము వచ్చింది, కొబ్బరితోట పోయి చీనీతోట వచ్చింది.

అదే నా కొంప ముంచింది. బడి నడిపే కరస్పాండెంటు ఒకనాడు నా కాగితాలన్నీ తిరగేశాడు.

"శానా బాగుండాయి మా. రేపట్నుంచి నువ్వు క్లాసుకు పోనక్కర్లేదు. ప్రొద్దుటూరులో పైన ఏసీ రూము ఇస్తా. మూడు బ్రాంచీలకూ నువ్వే ఎతికి, మార్చి పంపు."

"నా క్లాసు నాకుండనీండి సార్. ఇది సాయంత్రాలు చేస్తా."

"క్లాసు చెప్పేటోళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఇది చేసేటోళ్ళు యాడుండారు?"

మానేసి పోదామంటే నా డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయి. చేరేటప్పుడే తీసి పెట్టుకుంటారు, ఇట్లాంటి బళ్ళలో అది మామూలే. ఏడాది నిండేదాకా ఇవ్వరు. నిండాక అడిగితే, ఇప్పుడేం తొందరంటారు. అవి లేకుండా ఇంకే బడి గడప తొక్కను?

ఇంట్లో మా అత్తకు మాత్రం పండగే. "నీకేం మ్మే, ఎండలో బస్సెక్కే పీడ పోయింది. చల్లగా కూచుంటాండావు" అంది. మా ఆయనదీ అదే మాట. ఇక ఎవరితో చెప్పుకోను? ఏడిస్తే పొగరంటారు. ఆ గదికి కిటికీ ఉంది గానీ, చల్లదనం పోతుందని మేకులు కొట్టేశారు. కింద పిల్లల గోల వినబడేది, మాటలు తెలిసేవి కావు. పొద్దంతా తెర ముందు కూర్చుని, ఇంకెవరో చెప్పబోయే పాఠాలను నిమిషాల లెక్కన కోసి పంపేదాన్ని.

మరుసటి ఏడు ఆయన నన్ను జమ్మలమడుగు పంపించాడు. టీచర్లు ప్లాన్ ప్రకారమే చెప్తాండారో లేదో వెనక కూర్చుని చూసి, కాగితం మీద టిక్కు పెట్టి రావాలట. పోయింది నా పాత పిల్లల క్లాసుకే. ఇప్పుడు ఏడో తరగతి. టీచరు కొత్తగా చేరిన అమ్మాయి. నేను రాసిన మాటల్నే నాకు అప్పజెబుతోంది. నదుల పాఠం. మధ్యలో ఆ గొర్రెలవాళ్ళ పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, పెన్నలో నీళ్ళే లేవు గదా, బ్రిడ్జి అంత పొడుగు ఏంటికి కట్టినారు?"

ఎంత మంచి ప్రశ్న. నా ఒళ్ళు పులకరించింది. టీచరు మాత్రం పిల్ల వంక చూడలేదు, వెనకున్న నా వంక చూసింది.

"అది ఈరోజు ప్లాన్‌లో లేదు మా. కూర్చో."

పిల్ల కూర్చోలేదు. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి మేడం" అంది.

ఆపుకోలేకపోయాను. లేచి నిలబడి, నది అంటే ఈ పొద్దు కనబడే నీళ్ళు మాత్రమే కాదని, ఎప్పుడో వచ్చే వరదకు కావలసిన చోటు కూడా నదేనని చెప్పాను. పిల్లలంతా బోర్డుకు వీపు పెట్టి నా వైపు తిరిగారు. ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చింది.

గంట కొట్టి పిల్లలు బయటికి పోయాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఆ జవాబు నాకూ తెలుసు మేడం. ప్లాన్ దాటితే ఏమంటారో అని చెప్పలేదు. పేపర్లో ఏం రాయొద్దు. నా సర్టిఫికెట్లు గూడా ఆ బీరువాలోనే ఉండాయి."

'ప్లాన్ ప్రకారం జరిగింది' అన్న చోట టిక్కు పెట్టేశాను. తిరిగొచ్చే బస్సులో కూర్చున్నంతసేపూ నా మీద నాకే అసహ్యమేసింది. ఆ అమ్మాయి నోరు కట్టేసింది నేను కదా.

ఆ వారం పంపే ప్లాన్లలో ప్రతి పాఠానికీ చివరి పది నిమిషాలు ఖాళీగా వదిలాను. పైన 'పిల్లల ప్రశ్నలు' అని మాత్రం రాశాను. అవి బ్రాంచీలకు పోకముందే కరస్పాండెంటు నా గదిలోకి వచ్చాడు. కోపంగా కూడా లేడు.

"ఏందమ్మా, ఈడంతా ఖాళీగా ఉండాది?"

"పిల్లలు ఏమన్నా అడిగితే చెప్పడానికి సార్."

"వాళ్ళేమడుగుతారో నీకు తెల్సు గదా. ఆ ప్రశ్నలు గూడా నువ్వే రాసెయ్, జవాబులతో సహా." గుమ్మం దగ్గర ఆగి, "మంచి ఆలోచనే చేసినావు మా" అన్నాడు. చల్లదనం పోకుండా తలుపు దగ్గరికేసి వెళ్ళాడు.

కీబోర్డు ముందుకు లాక్కుని మొదటి ప్రశ్న కొట్టాను: పెన్నలో నీళ్ళు లేకపోయినా బ్రిడ్జి అంత పొడుగ్గా ఎందుకు కట్టారు?