జీడికొమ్మ కార్డు, పసుపు మూలలు

పొద్దున్నే మా మేనకోడలు గరివిడి నుంచి ఫోన్ చేసింది. కూతురి మొదటి పుట్టినరోజుకి పిలుపు కార్డులు కావాలట. ఫోన్లో పంపేస్తే సరిపోతుంది కదే అన్నాను. “అందరికీ ఫోన్లోనే పంపుతాం అత్తా. మనోళ్ళకి మాత్రం అమ్మ బొమ్మేసిన కార్డే ఇవ్వాల. కాయితం కూడా ఆ కాయితమే ఉండాల,” అంది. ఆ కాగితం అంటే ఏ కాగితమో మా ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మంచం కింది ఇనప్పెట్టె లాగి, నేతచీరల మడతల మధ్య నుంచి కట్ట పైకి తీశాను. కాగితాన్ని చీరల్లో దాచడమేమిటని నవ్వుకునేవాళ్ళు ఒక్క వానాకాలం మా రాజాంలో ఉండి చూడాలి. బయట వదిలేసిన కాగితం నాలుగు రోజుల్లో అప్పడంలా వంపు తిరుగుతుంది, ప్రింటర్ దాన్ని సగం మింగి మొరాయిస్తుంది. కట్ట విప్పితే కలరా ఉండల వాసన, దాని వెనకాల కొత్త కాగితం వాసన. అన్నిటికంటే పైనున్న కాగితం మూల మీద పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. అది చూసి అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

రిటైరయ్యాక చాలామంది తీర్థయాత్రలకు వెళతారు. నేను ప్రింటర్ కొన్నాను. బళ్ళో పనిచేసినన్నాళ్ళూ ప్రశ్నపత్రాల అచ్చు కోసం ఎవరో ఒకరి వెంట పడి తిరిగినదాన్ని, సొంత యంత్రం మీద నాకు మోజు ఉండడంలో వింతేమీ లేదు. పండగలకూ పుట్టినరోజులకూ స్నేహితురాళ్ళకి గ్రీటింగ్ కార్డులు అచ్చువేసి పంపడం మొదలుపెట్టాను. కార్డు మీదికి బొమ్మ కావాలి కదా, అది పక్క వీధిలోనే దొరికింది. ఈ మేనకోడలి తల్లి, మా వదిన. ఆమెది పలాస వైపు ఊరు, పుట్టింటి చుట్టూ జీడితోటలే. పెళ్ళయి వచ్చిననాటి నుంచి పాత క్యాలెండర్ల వెనక రంగుల బొమ్మలు వేసేది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆ క్యాలెండర్ని తిరగేసి బియ్యం డబ్బా మీద మూతలా పడేసేది. మా ఇద్దరిదీ ఒకే ఈడు కావడంతో వరసలు మాకు పెద్దగా అడ్డం రావు, ఒసే అంటే ఒసే అనుకుంటాం. ఆ బియ్యం డబ్బా మీది బొమ్మల్ని ఫోన్‌తో ఫొటో తీసి అచ్చువేయడమే నా కళ.

కాగితం దగ్గరే మా ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. జిరాక్సు కాగితం మీద వేస్తే రంగు వెనక్కి దిగిపోయింది. డ్రాయింగు అట్ట పెడితే ప్రింటర్ గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు కీచుమంది. కాగితాలమ్మే కొట్టాయన్ని అడిగితే, “పేపరంటే పేపరే మేడమ్, ఏదేసినా బొమ్మొస్తాది,” అన్నాడు. చివరికి కొరియర్లో రకానికో చిన్న ప్యాకెట్ తెప్పించాను. తళతళలాడేవి, సగం మెరిసేవి, అసలు మెరవనివి, దూది కలిసినవి. నేను కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ల మీద రాతలన్నీ చదివేదాన్ని. వదిన రాతల జోలికి పోకుండా మూల పట్టుకుని నలిపేది, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది, వెలుతురుకి ఎత్తి చూసేది, చీరల కొట్టులో నేతచీర బేరం చేస్తున్నంత శ్రద్ధగా. ఏ వైపు అచ్చువేయాలో తేల్చడానికి తడివేలు ఆనించి, “ఈ పక్క అంటుకుంతన్నాది, ఇటేసి సూడు,” అనేది. అదే సంగతి ప్యాకెట్ మీద కూడా రాసి ఉండేది. చదివే ఓపిక నాది, తడిపే తొందర తనది.

ఇలా ఆడుకుంటున్న రోజుల్లోనే మేనకోడలికి గరివిడి సంబంధం కుదిరింది. పెళ్ళికార్డు మీద తన బొమ్మ వేయాలని వదినకి కోరిక పుట్టింది. నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ఆ ఒక్కటీ అడిగింది. మా అన్నయ్య ధాన్యం వ్యాపారి, దేన్నయినా నాలుగువైపులా తిప్పి చూస్తే గాని ఒప్పుకోడు. బొమ్మ చూసి, “పెల్లికార్డు మీద జీడిపళ్ళేటే?” అన్నాడు. నిజానికి ఆ బొమ్మ చూడముచ్చటగా ఉంది. జీడిమామిడి కొమ్మ నాలుగు మూలలా పాకి, ఎర్రవీ పసుపువీ పళ్ళు వేలాడేసుకుని, నడుమ వధూవరుల పేర్లకి పందిరి కట్టినట్టుంది. అన్నయ్య చాలాసేపు చూసి చివరికి ఒక మాట చెప్పాడు. “వియ్యాలోరి కార్డు అప్పుడే వచ్చేసినాది, మనది దానికి తక్కువుండకూడదు. బాగా వస్తే సరే. నేపోతే విజయనగరం కొట్టులో ఆర్డరిచ్చేస్తాను, మల్లీ మాటొద్దు.” కార్డు మెరవాలని కూడా ఆయనే అన్నాడు. మెరిసే కాగితం మీద రంగులు నిజంగానే పెళ్ళికళతో వచ్చాయి, దాంతో ముగ్గురమూ దానికే సరే అనుకున్నాం. ముందుగా దేవుడి దగ్గర పెట్టడానికీ, వియ్యాలవారికి ఇవ్వడానికీ కొన్ని అచ్చువేశాం. ఖాళీ అయిన బాల్‌పెన్నుతో గీత నొక్కి మడతలు పెడుతూ వదిన కూనిరాగం తీసింది. ఆమె గొంతు పాటలో వినడం నాకదే మొదలు.

మా ఇంటి పద్ధతి ప్రకారం శుభలేఖలు దేవుడి ముందు పెట్టి, ఇంటికి పెద్దయిన మా అమ్మ తడిపసుపుతో నాలుగు మూలలా వేలు పెడితేనే బయటికి కదలాలి. ఇన్ని కాగితాలు నలిపి, ఊపి, తడిపి చూసిన మాకు పసుపు మాత్రం గుర్తుకు రాలేదు. అమ్మ గిన్నెలో పసుపు కాస్త పలచగానే కలుపుకుంది. మొదటి కార్డు మూల మీద వేలు ఆనించింది. పసుపు ఆ మెరుపు మీద నిలవలేదు, జారింది. జారుతూ ఆకుపచ్చనీ ఎర్రనీ వెంటబెట్టుకుని పెళ్ళికూతురి పేరు దాకా వెళ్ళింది. అమ్మ ఇంకో కార్డు తీసుకుంది, అదీ అంతే. అమ్మకి చూపు కొంచెం తక్కువ. కార్డు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, “ఇదేటే, సెట్టు ఏడుస్తన్నాది,” అంది. అన్నయ్య, “రేపు విజయనగరం ఎల్తాను,” అని కండువా దులుపుకుని బయటికి పోయాడు. వదిన పసుపంటిన కార్డులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళింది. వాటిని బియ్యం డబ్బా మీద తిరగేసి పెట్టడం నేను చూశాను.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వదిన మా ఇంటికి వచ్చింది, చేతిలో అమ్మ పసుపుగిన్నె. “నీకాడున్న కాయితాలన్నీ తీయే,” అంది. రకానికొకటి చొప్పున అచ్చువేసి వరండాలో వరసగా పరిచాం, ఒడియాలు ఆరబెట్టినట్టు. వదిన ఒక్కోదాని మూలకీ పసుపు పెట్టుకుంటూ పోయింది. సగం మెరిసేదాని మీద పసుపు చారలు కట్టింది. పలచటిది తడికి ముడుచుకుపోయింది. చివర్లో దూది కలిసిన మీగడరంగు కాగితం మిగిలింది. రంగులు కాస్త అణిగి కనిపిస్తున్నాయని నేను మూల పడేసింది అదే. దాని మీద పసుపు పెట్టినచోటే కూర్చుంది, కొత్తబట్ట మూలకి పసుపు పెట్టినట్టే. కానీ ఆ వేలికింద ఉన్న ఆకు మాత్రం చెదిరింది. నేను నీరుగారిపోయాను. వదిన చెదిరిన ఆ ఆకుని చూసి, లేచి రంగుల డబ్బా అడిగింది. తెల్లకాగితం మీద కొమ్మని మళ్ళీ మొదటి నుంచి వేసింది. ఈసారి కొమ్మ మూలల దాకా పోలేదు, ముందే మలుపు తిరిగి పేర్ల చుట్టూ ఒదిగింది. “మూలలు అత్తకి ఒగ్గీసేను. నడుమ నాకు సాలు,” అంది.

మర్నాడు పొద్దున అన్నయ్య బస్సుకి బయలుదేరే ముందు అమ్మ ఆయన్ని ఆపింది. “ఒరే, ఈ ఒక్కటీ సూసెల్లు,” అని కొత్తకార్డుకి నాలుగు మూలలా పసుపు పెట్టి చేతికిచ్చింది. అన్నయ్య వేలితో రుద్దాడు. వడ్లు కొరికి చూసే అలవాటున్న మనిషి, కార్డుని కూడా నోట్లో పెట్టుకుంటాడేమో అనిపించింది. “పసుపు కదల్నేదు,” అన్నాడు. కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ కొమ్మే బాగున్నాది, ముందుదానికంటే,” అని చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు గాని, ఆ తర్వాత మాత్రం ఆ ఇంట్లో బొమ్మలు బియ్యం డబ్బా మీదికి వెళ్ళలేదు. కార్డు అందుకున్న గరివిడి వియ్యపురాలు దాన్ని అద్దం కట్టించి హాల్లో పెట్టుకుంది. పసుపుకి వెలుతురు పడదు, కొన్నాళ్ళకి ఆ నాలుగు మూలలూ తెల్లబడిపోయాయి. చూసినవాళ్ళందరూ మూలలెందుకు ఖాళీగా వదిలేశారని అడుగుతారట. చెప్పీ చెప్పీ మేనకోడలికి ఆ కథ కంఠతా వచ్చింది.

అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. పెట్టెలో వెలుతురు తగలక నిలిచిపోయిన ఈ వేలిముద్ర ఆమెదే. పెళ్ళికార్డుల కోసం తెచ్చిన ఈ కట్టని ఆమె పసుపుచేత్తోనే ముట్టుకుందని ఆ రోజు నేను విసుక్కున్నాను కూడా. ఆ కాగితాన్ని పక్కకి తీసి, మిగతావి పట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళాను. సాయంత్రానికి బొమ్మ సిద్ధమైంది. జీడికొమ్మ మీద ఈసారి ఒక ఉడత, దాని నోట్లో పండు. మూలలు మాత్రం మళ్ళీ ఖాళీ. “పుట్టినరోజు కార్డుకి పసుపెవరు పెడతారే? మూలల దాకా వేసెయ్యొచ్చు కదా,” అన్నాను. వదిన కుంచె కడుక్కుంటూ, “అవి అత్తవి. ఒగ్గీ,” అంది. ఆ ఖాళీ మూలలు చూస్తే నాకు దిగులేమీ కలగలేదు, మనసు నిండుగానే ఉంది. గడిచిపోయిన ఏళ్ళు ఎక్కడికి పోతాయో నాకు తెలియదు గాని, మా ఇంట్లో మాత్రం అవి వచ్చి కూర్చోడానికి ప్రతి కార్డు మీదా నాలుగు మూలలా చోటు ఉంది.