నార్వే వాళ్ళిద్దరూ బతికే ఉన్నారు

వంటగదిలో అక్క సొరకాయ బజ్జీలు వేస్తోంది. కాగిన నూనె వాసన ముందుగదిలోకి వస్తోంది. అక్క కూతురు లిల్లీ, ఆరేళ్ళది, చాప మీద బోర్లా పడుకుని నా ఫోనులో ఏదో చూస్తూ కిలకిలా నవ్వుతోంది. ఫోనులోంచి కూడా ఇద్దరు మగవాళ్ళు విరగబడి నవ్వుతున్న చప్పుడు. ఎక్కడో విన్న నవ్వులా ఉందే అని వంగి చూశాను. ఆ ఇద్దరూ పద్నాలుగేళ్ళ కిందటే చచ్చిపోయారు! వాళ్ళ పెళ్ళాం పిల్లల్ని ఆదరించమని నేను మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాను.

ఫోను లాక్కుని వరసగా నాలుగు భాగాలు చూశాను. అది నార్వే దేశపు టీవీ హాస్య కార్యక్రమం. కూల్చేయబోయే ఇల్లొకటి తీసుకుని, ఇంట్లో ఎవరూ చేయకూడని పనులన్నీ అందులో చేస్తారు. గది నిండా నీళ్ళు పడతారు, మండే నూనెలో నీళ్ళు పోస్తారు. ఇల్లంతా నాశనమయ్యాక ఇద్దరూ మసి మొహాలతో నవ్వుకుంటూ బయటికొస్తారు. ఆ చివరి ముక్క నేను చిన్నప్పుడు రెండే రెండుసార్లు చూశాను. ఆ తర్వాత మార్తమ్మత్త దాన్ని చూడనిచ్చేది కాదు.

మార్తమ్మత్త అహ్లోన్ పేటలో మా మేడ కింది అంతస్తులో ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, మా సండే స్కూలు టీచరు. అబద్ధమంటే ఆవిడకు ఒళ్ళు మంట. ఒకసారి భోజనాల వేళకు వాళ్ళింటికి వెళ్ళి, మొహమాటానికి "తిన్నానత్తా" అన్నాను.

"తిన్నావా? మరి కడుపేటే, అలా గుర్రుమంటంది?" అని నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. "తిననేదని సెప్పు. సెప్పినాకే అన్నం."

చెప్పించాకే పెట్టింది. రెండోసారి వద్దన్నా వినకుండా వడ్డించింది. ఆ గుమ్మంలో పడ్డ సిగ్గు ఇప్పటికీ నాకు గుర్తే.

నార్వే డిస్కులు తెచ్చింది ఓడలో పనిచేసే మార్తమ్మత్త తమ్ముడు. కరెంటు ఉన్నా లేకపోయినా ఆవిడ టీవీ బ్యాటరీ మీద నడిచేది. శనివారం మధ్యాహ్నం మేడలోని పిల్లలమంతా అక్కడే. భాష ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు. మాకంటే ఆవిడే ఎక్కువ నవ్వేది. "ఓలమ్మ, ఓలమ్మ! తగలెట్టీసినారు సూడండే!" అని కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. రెండు వారాలు అలా సాగింది.

మూడో వారం మధ్యలో ఒక రోజు అమ్మ బజారుకు వెళ్ళింది. నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పదమూడు. అక్క బొగ్గుల కుంపటి మీద మూకుడు పెట్టి సీసాలో నూనెంతా పోసింది. నూనె పొగలు కక్కేదాకా ఆగాం. నేను పీట ఎక్కి నీళ్ళ చెంబు ఎత్తి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మార్తమ్మత్త, అమ్మ కోసం చింతపండు పొట్లం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అరిచి ఉంటే నా చెయ్యి అదిరేది. ఆవిడ అరవలేదు.

"ఒలే సిన్నీ," అంది మెల్లగా. "ఆ సెంబు నాకియ్యమ్మా. దాహమేత్తంది."

ఇచ్చాను. అక్కడే నిలబడి చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసింది. మూకుడు మీద పళ్ళెం బోర్లించి, కుంపట్లో బొగ్గులు పట్టకారుతో తీసేసింది. అప్పుడు నేల మీద కూలబడింది.

"ఆళ్ళలాగే సేద్దామనుకున్నాం అత్తా," అంది అక్క.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఆళ్ళు సచ్చిపోనారే," అంది.

"ఏటీ?"

"ఇద్దరూ సచ్చిపోనారు. తమ్ముడు పోను సేసి సెప్పినాడు."

ఎంత ఏడ్చామో! చూస్తే శనివారం టీవీలో ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. "సచ్చిపోనారన్నావు కదత్తా?" అని అక్క నిలదీసింది.

"ఇది ముందు తీసింది," అంది మార్తమ్మత్త, తొణక్కుండా.

ఆ తర్వాత ప్రతి శనివారం అదే వరస. మంట లేచి పొగ కమ్మగానే టీవీ కట్టేసేది. అందరం మోకరించేవాళ్ళం. ఆవిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టేది, రెండు మాటలకే గొంతు పూడుకుపోయి భుజాలు అదిరిపోయేవి. పాపం అత్త ఏడుస్తోందని మేమూ ఏడ్చేవాళ్ళం. మళ్ళీ మాలో ఎవ్వరం పొయ్యి జోలికి పోలేదు.

నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయింది. సమాధి దగ్గర నేనే లేచి మాట్లాడాను. "జన్మలో ఒక్క అబద్ధమాడని మనిషి," అన్నాను. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. ఇప్పుడు ఫోను పట్టుకుని కూర్చుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఎంత మోసం! ఆకలేసినప్పుడు తిన్నానన్నందుకు నన్ను గుమ్మంలో నిలబెట్టిన మనిషి, పిల్లల చేత బతికున్నవాళ్ళకు ప్రార్థనలు చేయిస్తుందా? ఇంతలో ఆ రుమాలు గుర్తొచ్చింది. ఓరి నాయనో! ఆవిడ ఏడవలేదు. నవ్వాపుకుంది.

"అక్కా!" అని వంటగదిలోకి పరిగెత్తి ఫోను చూపించాను. "అమలే!" అని, ఇక్కడి భాషలో 'అమ్మో' అన్నట్టు, అక్క బజ్జీలు ముంచే చేత్తోనే నోరు మూసుకుంది. పిండి గడ్డం దాకా అంటింది.

నా వెనకే వచ్చిన లిల్లీ మూకుడు కేసి తదేకంగా చూస్తోంది. "పిన్నీ, మన నూనెలో నీళ్ళు పోత్తే ఇలాగే లెగుత్తాదా మంట?"

దాని చేతిలో నిండు గ్లాసు ఉంది.

"ఆ గ్లాసు నాకియ్యమ్మా," అన్నాను. "దాహమేస్తోంది."

మొత్తం తాగేశాను. పొయ్యి కట్టేసి దాని పక్కన కూర్చున్నాను. "లిల్లీ, వాళ్ళిద్దరూ చచ్చిపోయారమ్మా."

"అబద్దం! నవ్వుతన్నారు కదా ఇందులో!"

"ఇది ముందు తీసింది," అన్నాను.

లిల్లీ మొహం చిన్నబోయింది. "మరి మనం ప్రార్దన సేద్దామా?" అంది.

ముగ్గురం వంటగదిలోనే మోకరించాం. అక్క వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. ఇక్కడి ఆడవాళ్ళ కొంగు లేని లుంగీ కట్టులో నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ దొరకక చేతులతో మొహం కప్పుకున్నాను. నా భుజాలు అదరడం మొదలైంది. చిన్న చెయ్యి ఒకటి వచ్చి నా వీపు నిమిరింది.

"ఏడవకు పిన్నీ," అంది లిల్లీ, తనూ ఏడుస్తూ.