అంబో, సలూద్, ఒక మొండి బేరింగు

తాల్ సరస్సు ఒడ్డున అంబోకి తెలియని మనుషులుంటారేమో గానీ తెలియని ఇంజన్ లేదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్ళు. అసలు పేరు అబుండియో. ఆ పేరు బాప్టిజం నాడు ఫాదరు పిలిచాడు, మళ్ళీ ఎవరూ పిలవలేదు. పడవ మోటారు గానీ, పిండిమర గానీ, ఎవరి జీపు గానీ మొరాయించిందంటే ముందు అతనికే కబురు వచ్చేది. వెళ్ళేవాడు, కాసేపు చెవి ఒగ్గి వినేవాడు, కుడిచెయ్యి మోచేతిదాకా లోపలికి పోనిచ్చి కళ్ళు మూసుకుని తడిమేవాడు. "చూడకుండా ఎలా కనిపెడతావయ్యా?" అని ఎవరైనా అడిగితే, "లోపలంతా చీకటేగా, కళ్ళు తెరిచి మాత్రం ఏం చూస్తాను?" అనేవాడు.

ఆ చేతికే పక్షవాతం వచ్చింది. ఒక పొద్దున వెల్లుల్లి అన్నం తింటూంటే చెంచా జారి కింద పడింది. వంగి తీసుకోబోయి తనూ పడ్డాడు. కొన్నాళ్ళకి కాలు కోలుకుంది. మాట కోలుకుంది, తిట్లతో సహా. చెయ్యి మాత్రం సగం దారిలో ఆగిపోయింది. వస్తువుని పట్టుకుంటుంది గానీ బిగించలేదు. వేళ్ళకి వేడీ చల్లనా సరిగ్గా తెలియవు. ఈ చివరి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, భార్య సలూద్‌కి కూడా.

సలూద్ జిగురు బియ్యాన్ని కొబ్బరిపాలల్లో ఉడికించి, అరటాకుల్లో చుట్టి, ఆ సుమాన్ పొట్లాలని కొండమీది సంతలో అమ్ముతుంది. ఒడ్డునుంచి కొండమీదికి వెళ్ళే దారి నిట్టనిలువుగా, పాములా మెలికలు తిరిగి ఉంటుంది. వాళ్ళ జీపు అంబో స్వయంగా రేకులు వంచి, అతుకులు వేసి చేసుకున్నది. ఒళ్ళంతా అద్దంలా మెరుస్తుంది, ఇంజనే ముసలిది. అంబో పడిపోయినప్పటినుంచి పక్కింటి టివో, చేపలు పట్టుకునేవాడు, దాన్ని నడిపిపెడుతున్నాడు. ఈమధ్య బుట్టల బరువుకి అది రెండో మలుపులోనే ఆయాసపడి ఆగిపోతోంది. టివో బ్రేకు తొక్కిపట్టుకుంటే సలూద్ దిగి చక్రం కింద రాయి పెడుతుంది. కిందకి దిగే బస్సుల్లోవాళ్ళు కిటికీల్లోంచి "అమ్మా, జీపుకి కూడా ఒక పొట్లం పెట్టు, బలం వస్తుంది!" అని కేకలేస్తారు.

అందుకని అంబో జపాన్‌నుంచి దిగిన పాత ఇంజన్ ఒకటి, ఉన్నదానికంటే పెద్దది, పాత సామాన్ల కొట్లో వెతికి పట్టుకొచ్చాడు.

"ఎవరైనా మెకానిక్కుని పిలుద్దాం" అంది సలూద్.

"ఏం, ఈ ఇంట్లో మెకానిక్కు చచ్చిపోయాడా?" అన్నాడు అంబో.

అతని మనసులో ఇంకొక మాట ఉంది. ఇంజన్ మారాక ఆ జీపుని కొండమీదికి ఎక్కించేది టివో కాదు, తనే. డాక్టరు వద్దన్నాడు. కానీ డాక్టరుకి ఇంజన్ల గురించి ఏం తెలుసు?

పెరట్లో పనసచెట్టు కొమ్మకి గొలుసు కప్పీ కట్టి జీపులోని ముసలి ఇంజన్‌ని పైకి లేపారు. అంబో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడంచేతిలో పానా పట్టుకుని, బ్యాండు మేళం ముందు నిలబడ్డ పెద్దమనిషిలా గాలిలో ఊపుతూ చెప్పేవాడు. చేసేది సలూద్, టివో. "ఎడమకి! నీ ఎడమ కాదు, బోల్టు ఎడమ!" "దాన్ని పీకకే, తిప్పు!" అని అతను అరిచే అరుపులకి అటువైపు ఇంట్లో కోళ్ళు గోడెక్కేవి.

అన్నీ అయి, కొత్త ఇంజన్‌కి పాత గేరుబాక్సు తగిలించే దగ్గర పని ఆగిపోయింది. గేరుబాక్సులోంచి ముందుకొచ్చిన ఇరుసు కొన, ఇంజన్ వెనక మధ్యలో ఉన్న చిన్న బేరింగులో దూరాలి. ఆ బేరింగు బొక్క సన్నగా ఉంది. పైగా తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అది ఊడితేగాని సరైన కొలతది వెయ్యడానికి లేదు. ఊడదీద్దామంటే వెనకనుంచి తట్టే దారి లేదు. బావికి అడుగున్నట్టు ఆ గుంటకి అటువైపు మూసే ఉంది.

కొక్కేల పుల్లరు ఒకటి అరువు తెచ్చి లాగారు. కొక్కెం విరిగింది. అప్పుడు అంబో పాత ఉపాయం చెప్పాడు. బేరింగు బొక్కలోంచి లోపలి గుంట నిండా గ్రీజు కూరి, బొక్కకి సరిగ్గా పట్టే ఇనపకడ్డీ పెట్టి సుత్తితో కొట్టాలి. లోపల గ్రీజు పోవడానికి చోటు దొరక్క బేరింగుని వెనకనుంచి బయటికి తోస్తుంది.

సలూద్ కొట్టింది. గ్రీజుకి చోటు దొరికింది. బేరింగు గుండ్ల సందుల్లోంచి చివ్వున చిమ్మి ఆవిడ మొహంమీదా, రవికమీదా పడింది.

"సూటిగా కొట్టమంటే అలాగేనా కొట్టడం! చేతులున్నాయి, ఏం లాభం!"

సలూద్ సుత్తి కింద పెట్టింది. మొహం తుడుచుకోలేదు. "ఇన్నేళ్ళూ నీ అరుపులు ఇంజన్లమీద అనుకున్నాను. నా మీదని ఇవాళ తెలిసింది" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

టివో నెత్తి గోక్కున్నాడు. "అంబో అన్నా, నా వలలు ఎండలో మాడిపోతున్నాయి. ఒకసారి చూసొస్తా" అని మెల్లిగా జారుకున్నాడు.

అంబో ఒక్కడే మిగిలాడు. కాసేపు ఆ బేరింగుని శత్రువుని చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, మళ్ళీ గ్రీజు కూరి, కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఎడంచేత్తో సుత్తి ఎత్తాడు. కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. మూడోదానికి కడ్డీ జారి కింద పడింది. తియ్యడానికి వంగితే ఇంజన్‌మీద ఎర్రగా చుక్కలు కనిపించాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయా అని పనసచెట్టు పైకి చూశాడు, ఏ పిట్టనో కాకి పొడిచిందేమోనని. చుక్కలు ఇంకా పడుతున్నాయి. అప్పుడు చూసుకున్నాడు తన కుడిచేతిని. బొటనవేలి గోరు చితికి పక్కకి వేలాడుతోంది.

నొప్పి లేదు. అదే అతన్ని కుర్చీలో కూలేసింది.

కొండదారి కళ్ళముందు మెదిలింది. రెండో మలుపులో గేరు మార్చాలి. స్టీరింగు ఎడంపక్క, గేరు కుడిచేతికి. పడిందో లేదో చెయ్యే చెప్పాలి. ఈ చెయ్యి చెప్పదు. వెనక బుట్టలు, పక్కన సలూద్, కింద లోయ. తన రక్తం ఎవరిదో అని చెట్టుకేసి చూసినవాడు ఆ దారిలో జీపు నడుపుతాడా! ఇంతకాలం డాక్టరుమీద పెట్టుకున్న కోపం దిక్కులేనిదైపోయింది.

అడుగుల చప్పుడు విని చెయ్యి చొక్కా కింద దాచాడు. సలూద్ మొహం కడుక్కుని, రవిక మార్చుకుని వచ్చింది. చొక్కా తడుస్తుంటే చూసింది. చెయ్యి బయటికి లాగింది.

"దేవుడా! నొప్పి పుట్టడంలేదూ?"

"తెలియలేదు."

"తెలియకపోవడమేంటి?"

"ఆ చేతికి ఏదీ తెలియడంలేదు సలూద్. మొదటినుంచీ."

జామాకు ఉడికించిన నీళ్ళు తెచ్చి కడిగింది. పాత గుడ్డ చింపి కట్టు కట్టింది. కట్టాక కూడా ఆ చేతిని తన ఒళ్ళోనే ఉంచుకుంది. పట్టుకున్నట్టు అతనికి తెలియడంలేదు గానీ కనిపిస్తోంది.

"మరి ఆ బేరింగుని ఏం చేద్దామంటావు?" అన్నాడు అంబో.

సలూద్ వెనక్కి తిరిగి చూసింది. "నన్నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ? టివో సలహా అడగడానికి చేపల దగ్గరికి పోయాడు."

ఆవిడ లేచి, ఆ బొక్కలోకి తొంగిచూసి, కారిన గ్రీజుని వేళ్ళమధ్య రాసి చూసింది. "ఇది పల్చన. వత్తితే ఏ సందులోంచైనా కారుతుంది. గట్టిగా ఉండాలి, అయినా కదలాలి." వేళ్ళు గుడ్డకి తుడుచుకుంటూ, "జిగురన్నం దంచి కూరితే?" అంది.

అంబోకి నవ్వొచ్చింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఎందుకు పనికిరాదో ఆలోచించాడు. కారణం దొరకలేదు. "ఉప్పెయ్యకు" అన్నాడు చివరికి. "తుప్పు పడుతుంది."

మర్నాడు పొద్దున సుమాన్‌కి బియ్యం ఉడికేటప్పుడు, ఉప్పూ కొబ్బరిపాలూ కలపకముందే ఒక గిన్నెడు పక్కకి తీసింది. రోట్లో వేసి దంచితే రబ్బరు ముద్దలా అయింది. చల్లారాక వేలితో కొంచెం కొంచెంగా గుంటలోకి కూరింది. కడ్డీ పెట్టి కొట్టింది. కడ్డీ దిగింది. మళ్ళీ కూరింది, మళ్ళీ కొట్టింది. ఈసారి చుక్క కూడా బయటికి రాలేదు. టివో గోడ అవతలనుంచి చూస్తున్నాడు, రావచ్చా లేదా అన్నట్టు.

"ఏమైనా కదిలిందా?" అన్నాడు అంబో. అరవలేదు.

"నువ్వే చూడు."

ఎడంచేతి చూపుడువేలు పెట్టి బేరింగు అంచు చుట్టూ రాశాడు. గోరు మందాన పైకి లేచింది. "కొట్టు" అన్నాడు. ఇంకాసేపటికి ఆ మొండిది తెల్లటి అన్నం తోకతో సహా బయటికొచ్చి సలూద్ ఒళ్ళో పడింది.

టివో గోడ దూకాడు. "వదినా, మీ ఇంట్లో ఇంజన్లు కూడా సుమాన్ తింటాయా? ఇంకొక పొట్లం పెడితే గేరుబాక్సు కూడా దానంతటదే ఎక్కి కూచునేట్టుందే!"

అప్పటికే పనసచెట్టు మీంచి చీమలు బారులు కట్టాయి. అంబో గుంటని కిరసనాయిలుతో కడిగించాడు. కడిగాక సలూద్‌ని వేలు పెట్టి లోపలంతా తడమమన్నాడు. "గరుగ్గా ఎక్కడైనా తగులుతోందా?" "ఇదిగో, కుడిపక్క." "అక్కడ ఉప్పుకాగితంతో రుద్దు." కొత్త బేరింగు మెత్తగా కూర్చుంది.

ఇంజన్ మోగిన రోజున టివో అలవాటుకొద్దీ స్టీరింగు దగ్గరికి వెళ్ళాడు. అంబో తాళంచెవి సలూద్‌కి ఇచ్చాడు.

"నాకు నడపడం రాదుగా!"

"నేర్పుతాను."

"అరుస్తావు."

"అరుస్తాను" అని ఒప్పుకున్నాడు. "ఆపుకోవాలని చూస్తాను."

"అరిస్తే జీపు అక్కడే ఆపి దిగి వెళ్ళిపోతా. తర్వాత నీ ఇష్టం."

అన్నంత పనీ చేసింది. ఒడ్డు రోడ్డుమీద నేర్చుకుంటున్న రోజుల్లో, అంబో జీపులో ఒంటరిగా కూర్చుని వచ్చేపోయేవాళ్ళ పలకరింపులకి జవాబు చెప్పుకోవడం ఊళ్ళోవాళ్ళు చాలాసార్లు చూశారు. ఆవిడ నెమ్మదిగా నడిచి, ఏ దుకాణంలోనో చల్లటి కొబ్బరిబొండం నీళ్ళు తాగి తిరిగొచ్చేది. కాఫీతోట కంచె ఒకటి కూలింది. టివో వల ఒకటి చక్రానికి చుట్టుకుంది. ఇప్పుడు మలుపుల్లో ఆగకుండా ఎక్కిస్తోంది. కొన్నిరోజులు అంబో పక్కన కూర్చుంటాడు, కొన్నిరోజులు ఇంటి దగ్గరే ఉంటాడు. ఉన్నరోజున ఇల్లంతా తిరుగుతాడు. ఉండిపోయేది తన ఇష్టంతోనే, వెళ్ళలేక కాదు.

ఈమధ్య సంతలో అనాసపళ్ళు అమ్మే ఆవిడ అడిగింది: "మా ఆయన వ్యానుకి ఏదో పట్టేసింది, అంబో అన్న చూస్తాడా?"

"చూస్తాడు" అంది సలూద్, పొట్లాలు సర్దుతూ. "కాకపోతే చెయ్యి మీ ఆయనదే పెట్టాలి. తిట్లు కూడా కాస్త ఓర్చుకోవాలి."

అనాసపళ్ళావిడ మొగుడు మర్నాడే వచ్చాడు.