కుప్ప మీద బూట్లు

ఆస్ట్రేలియాలో వేరుశనగ సాగు చూడటానికి వెళ్లిన మా అనంతపురం రైతుల్లో అందరికంటే పెద్దావిడ కుందుర్పి హనుమక్క. నేను వాళ్లకు దుబాసీని.

అక్కడి రైతు ఒకాయన మమ్మల్ని తన షెడ్డులోకి తీసుకెళ్లాడు. లోపల ఆ యేటి కాయలు ఇంటి ఎత్తున కుప్ప పోసి ఉన్నాయి. ఆయన బూట్లతోనే కుప్పెక్కి, గుప్పెడు కాయలు తీసి గర్వంగా చూపించాడు.

"ఏమప్పా! దిగు, దిగు!" హనుమక్క కేక పెట్టింది.

పాము కనబడిందేమోనని ఆయన ఒక్క దూకున కిందికొచ్చాడు. ఆమె చెప్పులు అప్పటికే గుమ్మం బయట ఉన్నాయి. మా వైపు కళ్లంలోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు.

అతిథులం కదా, ఆయన నొచ్చుకుంటాడని, "కుప్ప జారితే పడతారని ఆమె భయం" అని ఇంగ్లీషులో సర్దిచెప్పాను. ఆయన నవ్వి మళ్లీ ఎక్కబోయాడు.

"నువ్వేం చెప్పినావో ఏమో, ఈయప్ప మల్లా ఎక్కుతాండాడు," అంది హనుమక్క నావైపు తిరిగి. "తినే గింజను బూట్లతో తొక్కొద్దని చెప్పు."

దొరికిపోయాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన ఒక బస్తా మీద కూర్చుని బూట్ల లేసులు విప్పాడు. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు. సాక్సులు చూపిస్తూ, వీటితో ఎక్కొచ్చా అని నన్ను కాదు, ఆమెనే అడిగాడు.

నేను తెలుగులో చెప్పేలోపే ఆమెకు అర్థమైంది. చల్లటి సిమెంటు నేల మీద వట్టి కాళ్లతో నిలబడి, తన కళ్లంలో ఉన్నట్టే, ఎక్కమని చెయ్యూపింది.

"ఉండనీలేప్పా. ఈడ సలి జాస్తి ఉండాది."