ఆలస్యంగా పడిన సిక్సరు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్దలకూ పిల్లలకూ గొడుగు మామే. డాబాల మీద టీవీ డిష్ గొడుగులు బిగించి, అటూ ఇటూ తిప్పి, "బొమ్మ కుదిరిందా?" అని పైనుంచి కేకేయడం అతని పని. గాలీ వానా వెలిస్తే చాలు, వీధికంతా అతనే కావలసినవాడు.

ఇప్పుడు ఇళ్లన్నీ వైఫైకి మారిపోయాయి. గొడుగుల్లో నిలిచిన నీళ్లు కాకులు తాగుతున్నాయి. మామ నోరు మాత్రం తగ్గలేదు. వైఫైవి గాలివాటం బొమ్మలనీ, నమ్మొద్దనీ కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

నమ్మింది చివరింటి టైలరక్క ఒక్కతే. కోడలు ఎంత పోరినా ఆవిడ వైఫై పెట్టించుకోలేదు.

"తమ్ముడు వద్దన్నాడు. వాడింట్లోనూ గొడుగేగా," అనేది.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మామ తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకునేవాడు. అతని డాబా మీద గొడుగు ఎప్పుడో దిగిపోయింది. పెళ్లాం సీరియళ్ల కోసం సతాయిస్తే వైఫై పెట్టించి, గొడుగు విప్పి మంచం కిందికి తోశాడు. అక్క కూడా మారిపోతే తను ఇంకెవరికి గొడుగు మామ? ఆ సిగ్గుమాలిన లెక్క అతనికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

మన జట్టు గెలిస్తే అక్క మొదటి ఫోను అతనికే. ఆ ఆదివారం సాయంత్రమూ మోగింది. అవతల కుట్టుమిషన్ ఆడుతూనే ఉంది.

"గెలిచాం తమ్ముడూ. ఆఖరి బంతికి సిక్సరు కొట్టాడు, చూశావా?"

అతను టీవీ వైపు చూశాడు. బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు. వైఫై బొమ్మ కాస్త వెనకబడి వస్తుందన్నది అతనికి తెలియనిది కాదు. రిమోట్ కోసం తడుముకునేలోపే సిక్సరు పడింది. టీవీ గోలగోలగా అరిచింది, పెళ్లాం చప్పట్లు కొట్టింది.

"అదేంటి, మీ ఇంట్లో ఇప్పుడు కొట్టాడా?" అంది అక్క. "మీ గొడుగు పక్కకి జరిగుంటుంది. అందరివీ చూస్తావు, నీది చూసుకోవు. రేపు నాది తుడవడానికి రాకు. ముందు నీది సరిచేసుకో."

ఊ అంటే సరిపోయేది. కానీ ఆవిడ జాలికి అతనికి తల కొట్టేసినట్టయింది.

"అక్కా, మా డాబా మీద గొడుగు లేదు. మేమూ వైఫైకి మారిపోయాం. చాన్నాళ్లయింది."

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"మరి నన్నెందుకు వద్దన్నావురా?"

టీవీలో ఆ సిక్సరునే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు.