జీవరాజు జ్వరం, రత్నమాణిక్యం పంతం

కడియం చుట్టుపక్కల ఊళ్ళలో రత్నమాణిక్యం గారిని ఎరగని ఇల్లు లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మాకు ఏఎన్‌ఎం. పిల్లలకు టీకాలు వేసేదీ, కడుపుతో ఉన్నవాళ్ళను వేళకు ఆసుపత్రికి తరిమేదీ ఆవిడే. మాట మెత్తన. ఆవిడ గొంతు పెంచగా నేను విన్నది ఒక్కసారే, పోయినేడాది ఫిబ్రవరిలో.

మా ఊరి జీవరాజు ఉగాండా నుంచి వచ్చాడు. అంటు కట్టడంలో చెయ్యి తిరిగినవాడని ఇక్కడి నర్సరీ నుంచి అతన్ని అక్కడి పూలతోటకు తీసుకెళ్ళారు. అతను వచ్చేనాటికి ఆ దేశంలో ఎబోలా బయటపడింది. ఇరవై ఒక్క రోజులు అతన్ని కనిపెట్టుకుని ఉండాలని ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు ఆవిడకు ఫోన్ చేసి చెప్పారు.

ఆవిడ వెళ్ళి అతని వాకిట్లో దూరంగా కుర్చీ వేయించుకున్నారు.

"నాకేం లేదండి. ఎయిర్‌పోర్టులో చూసే పంపారు కదండి," అన్నాడు జీవరాజు.

"మంచిదే బాబూ. కానీ ఇది అంటుకున్నాక మూడు వారాల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు. జ్వరం రానంతవరకు నీ వల్ల ఎవరికీ ఏం కాదు. వచ్చిందంటే మాత్రం నీ వాంతి, నీ చెమట, నీ రక్తం ఎవరూ ముట్టుకోకూడదు. అందుకని ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా ముందు నాకు చెప్పాలి."

ఒక థర్మామీటరు గడప మీద పెట్టారు. రోజూ పొద్దునా సాయంత్రం అతను చూసుకుని అంకె చెప్పడం, ఆవిడ రాసుకోవడం. మూడో రోజు అంకె చెప్పాక కూడా అతను లోపలికి పోలేదు.

"నర్సమ్మగారూ, ఒక మాట దాచానండి. నేను బయల్దేరే ముందురోజు తోటలో పనిచేసే ఒకతను పడిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది, వాంతులు. నేనే ఎత్తి జీపులో పడుకోబెట్టాను. ఏం జబ్బో తెలీదండి."

ఆవిడకు భయమేసిందట. తర్వాత ఆవిడే నాతో అన్నారు. కానీ అతని ముందు పైకి తేలనివ్వలేదు.

"చెప్పి మంచి పని చేశావు. ఇది నేను దాచను. నీ ఎదురుగానే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను," అని అక్కడే చేశారు. ఆ రోజు నుంచి అతనికి వేరే గది, వేరే బాత్రూము. భార్య శ్రీదుర్గ అన్నం గడప దగ్గర పెట్టి వచ్చేది.

జిల్లా నుంచి జీపు వచ్చి వెళ్ళడంతో ఊరికి సంగతి తెలిసిపోయింది. మర్నాడు జగన్నాథరావు గారు, అంటే మా ఊళ్ళో పెద్ద నర్సరీ ఆయన, పది మందిని వెంటేసుకుని వెదురుబొంగులతో ఆ వీధికి వచ్చారు. బొంగులు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చెప్పుకోవడానికి సిగ్గే.

"మాణిక్యం గారూ, తప్పుకోండి. ఎబోలా అన్న మాట బయటికి పొక్కిందంటే మొక్కల కోసం మన ఊరికి ఒక్క లారీ రాదండి. ఈ ఇంటికి దడి కట్టేస్తాం," అన్నారాయన.

ఆవిడ గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"కట్టండి. నన్ను కూడా లోపల పెట్టి కట్టండి. కరోనాలో నాన్నకి వచ్చిందని రమేష్‌బాబు వాళ్ళ గుమ్మానికి కర్రలు అడ్డం కట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, నోరెత్తలేదు. వాళ్ళ నాన్నకి తగ్గింది. ఆ తర్వాత రమేష్‌బాబుకి జ్వరమొస్తే ఊరికి భయపడి మాత్రలు మింగి దాచుకున్నాడు. ఆసుపత్రికి చేర్చేసరికి ఏం మిగిలిందండీ? మీరు దడి కడితే ఇతనూ దాచుకుంటాడు. దాచుకున్న జ్వరం ఊరంతా తిరుగుతుంది. చెప్పుకున్న జ్వరం ఒక్క గదిలో ఆగుతుంది!"

వీధి వీధంతా వినపడేలా అరిచారు. నేను బొంగు కింద పెట్టేశాను. జగన్నాథరావు గారు విసురుగా వెళ్ళిపోయారు.

పదకొండో రోజు పొద్దున్నే జీవరాజే ఆవిడకు ఫోన్ చేశాడు. "నూట ఒకటిన్నర ఉందండి. చలి కూడా వస్తోంది."

"తలుపు వేసుకుని పడుకో. శ్రీదుర్గని పిలువు, ఫోన్ స్పీకర్లో పెట్టు. అమ్మా శ్రీదుర్గా, తడిగుడ్డ వెయ్యాలని నీకు అనిపిస్తుంది. వెయ్యొద్దు. లోపలికి అడుగు పెట్టొద్దు. నేను వస్తున్నాను."

అంబులెన్సు వచ్చేలోగా ఆవిడ ఇల్లిల్లూ తిరిగారు. "తెల్ల డ్రస్సులు వేసుకుని, ముఖాలు కప్పుకుని వస్తారు. చూసి హడలిపోకండి. వాళ్ళకి అంటకుండా వేసుకునేవి అవి," అని చెప్పుకుంటూ వచ్చారు. శ్రీదుర్గ గేటు పట్టుకుని ఏడుస్తూంటే పక్కనే నిలబడ్డారు.

ఆసుపత్రిలో ఆ పూటే మలేరియా అని తేలింది. ఊరు ఊపిరి పీల్చుకోబోయింది. ఆవిడ ఒప్పుకోలేదు. "మలేరియా ఉన్నంత మాత్రాన రెండోది లేదని కాదు. రక్తం పుణె ల్యాబుకి పంపారు, వాళ్ళు చెప్పాలి," అన్నారు. జ్వరం కొత్తలో చేసిన పరీక్షలో దొరక్కపోవచ్చని మూడు రోజులాగి మళ్ళీ రక్తం తీశారు. అన్ని రోజులూ ఆవిడ శ్రీదుర్గకు జ్వరం చూశారు, తనకూ చూసుకున్నారు. ఊళ్ళో టీకాలకు మాత్రం తన బదులు వేరే ఆవిడను పంపమన్నారు.

రెండుసార్లూ ఎబోలా లేదనే వచ్చింది. మలేరియాకు మందు వాడి జీవరాజు తేరుకున్నాడు. జీపులో పడుకోబెట్టిన ఆ మనిషి చనిపోయాడనీ, అతనిది ఎబోలాయేననీ తోటవాళ్ళు తర్వాత ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజు జీవరాజు అన్నం తినలేదు.

ఇరవై ఒక్క రోజులూ నిండాక అతను మళ్ళీ నర్సరీలో పనికి వెళ్ళాడు. కూలీల్లో కొందరు నెలదాకా అతని పక్కన కూర్చుని భోంచెయ్యలేదు. అదీ నిజమే, దాచడమెందుకు.

వేసవిలో ఒకరోజు జగన్నాథరావు గారు ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. నేను బీపీ మాత్రల కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆయన అటూ ఇటూ చూసి అన్నారు: "మా మేనల్లుడు కాంగోలో బోర్ల పనిలో ఉన్నాడండి. అక్కడా ఆ జబ్బు వస్తూంటుందట. వచ్చే నెల వస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

రత్నమాణిక్యం గారు రిజిస్టరు ముందుకు లాక్కున్నారు. "ఏ ఊళ్ళో ఉంటున్నాడండీ? ఏ రోజు దిగుతున్నాడు? ముందు పేరు చెప్పండి."