మసిగుడ్డలో మడత

మొన్న మా అమ్మ నా పాత చుడిదారు ప్యాంటును కత్తిరించి మసిగుడ్డ చేసుకుంటూ ఉంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి వెళ్ళి ఆ కాలి అంచును తిప్పి చూసింది. మడత విప్పేసే ఉంది. అమ్మ నవ్వింది గానీ నేను మాత్రం మా తమిళనాట తుడియలూరు పక్కన ఒక ఇంటి వంటగదిలోకి, ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను.

అప్పుడు నాకు ఇరవై. ప్లస్ టూతో చదువు ఆగిపోయి ఇంట్లో కూర్చుంటే, పిల్లల రక్షణ గురించి పరిశోధన చేసే ఒక సంస్థలో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పని దొరికింది. తమిళం, తెలుగు రెండూ నోటికి వస్తాయని తీసుకున్నారు. తెలుగు అక్షరాలు మాత్రం ఆ తర్వాత మా మేడం దగ్గరే దిద్దుకున్నాను. మేడం వాడిపట్టి అనే ఊరి మనిషి, ఆమెదీ మాలాగే తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబం. ఆమె నియమం ఒక్కటే: ఇంట్లో ఉన్న ప్రతి పిల్లనూ కంటితో చూసి, విడిగా నాలుగు మాటలు మాట్లాడాకే ఫారం ముగించాలి. పిల్ల బడికి వెళ్ళి ఉంటే సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి.

ఆ ఇంట్లో ఒక అవ్వ, పంపుల వర్క్‌షాపులో కాలు నలిగి మంచం మీదున్న ఆమె కొడుకు, తల్లి లేని పదమూడేళ్ళ మనవరాలు. నేను తమిళంలో మొదలుపెట్టగానే అవ్వ నా యాస పట్టేసింది.

“మనోళ్ళ పిల్లవా కన్నూ? ఇంటిపేరు ఏంది?”

చెప్పాను. ఆమెదీ అదే.

“అట్లయితే నువ్వు నాకు మనవరాలివే! వాకిట్లో నిలబడి ఏం రాస్తావు, లోపల రా. కాపి తాగు మొదల.”

ఇక అంతే. ఒకే ఇంటిపేరు అన్నాక మాలో చుట్టరికం కలిసిపోయినట్టే, చుట్టాలింట్లో కూర్చుని ఆరా తీయడమంటే పెద్ద మర్యాద తక్కువ పని. పాప ఏదవ్వా అంటే, “పల్లికూడానికి పోయిండాది, యాడికి పోతాది?” అంది. బడికి వెళుతోందని రాసేసుకుని, సాయంత్రం మళ్ళీ వస్తానని అనడానికి కూడా సిగ్గుపడి, కాఫీ తాగి బయటపడ్డాను.

బస్సులో కూర్చున్నాక ఎందుకో ఆమె పాలగిన్నె దించిన మసిగుడ్డే కళ్ళముందు ఆడింది. అది బడి యూనిఫారం ప్యాంటు కాలు. నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, పిల్ల పొడుగయ్యేకొద్దీ విప్పుకోవచ్చని మన అమ్మలు కింద జానెడు మడత పెట్టి కుట్టించేవారు కదా, ఆ మడత మసిగుడ్డలో అలాగే ఉంది, రంగు కూడా వెలవలేదు. ఒక్కసారీ మడత విప్పని యూనిఫారాన్ని బడికి పోయే పిల్ల ఉన్న ఇంట్లో ఎవరు కత్తిరిస్తారు?

మేడంకు ఫోన్ చేస్తే ఆమె కోప్పడలేదు. “పిల్లను చూస్తివా, కాపిని చూస్తివా?” అని మాత్రం అడిగింది. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు బస్సంతా విన్నది.

మరునాడు ఇద్దరం వెళ్ళాం. అవ్వ నా వైపు వేలు చూపించి, “నిన్న మనవరాలివై తాగితివి, ఈ పొద్దు పోలీసువై వస్తివా? సొంతమని లోపలికి పిలిచింది నా బుద్ధి తక్కువ!” అని వీధి వినేలా తిట్టింది. మేడం చాప మీద కూర్చుని ఆమెను చాలాసేపు తిట్టనిచ్చింది. తిట్లు అయిపోయాక మిగిలింది ఏడుపే. పాపను మేట్టుపాళయంలో వక్కలు ఒలిచే షెడ్డుకు పంపారట, నెల దాటిందట.

కదిలించాల్సిన అధికారులను మేడం కదిలించింది. నాకు మాత్రం మూడు రోజులు అన్నం దిగలేదు. నేను రాసిన ఆ ఒక్క అబద్ధపు గీతతో పిల్ల అక్కడే ఉండిపోయేది కదా అని. నాలుగో రోజు జీపులోంచి, వక్క పసరుకు నల్లబడిన వేళ్ళతో ఆ పాప దిగినప్పుడు, నా గుండెల మీంచి బండ దిగింది.

బడికి వెళ్ళడానికి యూనిఫారం లేదని మా చెల్లెలిది తీసుకెళ్ళాను, దాని మడత ఎప్పుడో విప్పేసి ఉంది, పాపకు బాగా పొడుగు. అవ్వ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. సూది తీసుకుని, అంచు లోపలికి మడిచి, మళ్ళీ జానెడు మడత వేసి కుట్టింది. ఆ పిల్ల అది విప్పుకునేంత వరకూ బడికే వెళుతుందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇప్పుడూ ఇదే పని చేస్తున్నాను. కాగితాలు పోయి టాబ్లెట్ వచ్చింది, తలుపు తీసేవాళ్ళు తమిళంలోనే జవాబు చెప్పి పంపేస్తారు, ఇంటిపేరు అడిగి లోపలికి పిలిచే అవ్వలు దాదాపు లేరు. ఆ పిలుపు కోసం చెవి ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎక్కడైనా ఒకామె పిలిస్తే సంతోషంగా లోపలికి వెళ్ళి కూర్చుంటాను గానీ, పాప వచ్చి నా ఎదుట నిలబడేదాకా కాఫీ గ్లాసు ముట్టుకోను.